వేపచెట్టు చచ్చిపోలేదు బుజ్జీ

చిన్నూ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో పెరడంతా చూపిస్తుంటే వేపచెట్టు దగ్గరికి రాగానే "అమ్మమ్మా, చెట్టు చచ్చిపోయిందా" అని బుజ్జి బెంగగా అడిగింది, నేను జవాబు చెప్పేలోపే సిగ్నల్ పోయింది. అందుకే ఇవాళ తీరిగ్గా రాస్తున్నాను. చెట్టుకేం కాలేదమ్మా. ఈ పొద్దున చూస్తే కొమ్మల చివర్లన్నీ చింతపండు పెట్టి తోమిన రాగిచెంబులా మెరుస్తున్నాయి. అవన్నీ చిగుళ్లే.

వసంత ఋతువు చైత్రంలో మొదలవుతుందని మీ పుస్తకంలో ఉంటుంది. నిజమే, కానీ చెట్లు ఉగాది దాకా ఆగవు, రథసప్తమి దాటి పగలు కాస్త పొడుగయ్యిందంటే చాలు, శిశిరంలోనే పని మొదలుపెట్టేస్తాయి. అసలు ఎండలు ముదరబోతుంటే, నేలలో తడి తగ్గిపోతుంటే కొత్త ఆకులు వేయడమేంటని నాకూ చిన్నప్పుడు ఆశ్చర్యంగా ఉండేది. సంగతేంటంటే, ఆకుల్లో కంటికి కనపడనంత చిన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి నీళ్లు ఆవిరైపోతూ ఉంటాయి. లేత ఆకు అవసరమైతే ఆ రంధ్రాల్ని గట్టిగా మూసుకోగలదు, ముసలి ఆకుకి ఆ పట్టు తగ్గిపోతుంది. అందుకని వేప పాత ఆకులన్నిటినీ రాల్చేస్తుంది. ఆకులు పోతే నీళ్ల ఖర్చు ఆగుతుంది, వేళ్లు లోతుల్లోంచి తోడిన నీరు కొమ్మల్లో నిలుస్తుంది, ఆ నీటితోనే మొగ్గలు పగిలి చిగురు వస్తుంది. మీకు బోడిగా కనిపించినప్పుడు చెట్టు లోపల నీళ్లు నింపుకుంటూ ఉందన్నమాట.

ఇక మామిడి. మీ తాతయ్య నూజివీడు నుంచి తెచ్చి నాటిన చిన్నరసం చెట్టు ఈసారి తూర్పు వైపంతా పూత పూసింది, పడమటి వైపు చిగురేసింది. ఒకే చెట్టులో రెండు పనులు! చిగురు వైపు వెళ్లి ఒక ఆకుని అరచేతిలోకి తీసుకున్నాను, తెంపలేదు, ఊరికే కింద చెయ్యి పెట్టాను. ముదురు ఎరుపు, మీద కొంచెం ఊదారంగు మెరుపు, తడిపి ఆరేసిన పట్టుగుడ్డ ముక్కలా మెత్తగా వేలాడుతోంది. ఆకుని నిలబెట్టే గట్టి నారలు ఇంకా తయారవలేదు కాబట్టి అలా వాలిపోయి ఉంటుంది. పచ్చరంగు పదార్థం కూడా లోపల ఇంకా సరిగ్గా తయారవలేదు, ఆ ఎరుపు రంగేమో లేత ఆకు ఎండకి మాడకుండా కాపాడుతుంది. రోజూ చూస్తూ ఉంటే ఎరుపు లేత గోధుమరంగుకి తిరిగి, ఆ తర్వాత లేతాకుపచ్చ అయ్యి, ఆకు మెల్లగా నిక్కుతుంది. నాకు మాత్రం పండు కన్నా ఈ పది పదిహేను రోజులే ఎక్కువ ఇష్టం.

పూత వైపు ఒక సంగతి చెప్పాలి. ఒక్కో పూగుత్తిలో వందల పూలుంటాయి, ఒక్కోదాంట్లో వేలు కూడా ఉంటాయి, చివరికి కాయగా నిలిచేవి ఒకటో రెండో. ఆ ఒకటి రెండైనా నిలవాలంటే ఈగలూ తేనెటీగలూ వచ్చి పూల మీద తిరగాలి. రెండేళ్ల కింద ఆకులన్నీ జిగురు జిగురుగా అయితే తేనెమంచు పురుగని కంగారుపడి, పూలు విచ్చుకుని ఉండగానే ఎవరో చెప్పిన మందు కొట్టించాను. పురుగుతో పాటు ఈగలూ పోయాయి, వారం రోజులు చెట్టు కింద ఒక్క ఝుమ్మనే శబ్దం లేదు. ఆ ఏడాది పిందె దాదాపు పడలేదు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తొస్తుంది. ఇప్పుడు ఏం కొట్టాలన్నా మొగ్గ విచ్చకముందే, అదీ వేపనూనె, లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త కుంకుడు రసం.

చిన్నూ, ఇది నీ కోసం. నిమ్మచెట్టు లేత ఆకు మీద పిట్ట రెట్ట లాంటిది ఒకటి కనపడింది, దులుపుదామని వేలు పెట్టబోతే కదిలింది! సీతాకోకచిలుక పిల్లపురుగు అది. పిట్టలు తినకుండా అలా రెట్టలా కనిపిస్తుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. అప్పుడు ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లా నారింజరంగుది బయటికి తీసి ఘాటైన వాసన కొడుతుంది. నాలుగు ఆకులు తింటే తిననీ, నిమ్మకి ఇంకా బోలెడు చిగురుంది. మందారానికి పట్టిన పేనుబంకని, అంటే రసం పీల్చే సన్న పురుగుల్ని మాత్రం నీళ్ల పైపు గట్టిగా పట్టి కడిగేశాను, మిగిలినవాటిని అక్షింతల పురుగులు తినేస్తాయి.

సంక్రాంతి తర్వాత మల్లెపొద ఆకంతా దూసి, కొమ్మలు కత్తిరించి, నీళ్లు మానేస్తే "పాపం కదా" అన్నారు మీరు. మల్లెమొగ్గ వచ్చేది కొత్త కొమ్మ చివరే, అందుకే ఆ పని. ఇప్పుడు మళ్లీ నీళ్లు, పశువుల ఎరువు పెట్టాను, కణుపు కణుపుకీ ఆవగింజంత పచ్చదనం.

మీ బాల్కనీ కుండీలో కరివేపాకుకి నడి కొమ్మ చివర గిల్లేయండి, భయం లేదు. ఆ చివరి మొగ్గ ఉన్నంతకాలం పక్క మొగ్గల్ని ఎదగనివ్వదు. గిల్లిన కొన్నాళ్లకి కింద నుంచి రెండు మూడు కొమ్మలు వస్తాయి, ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి ఫోన్లో చెప్పండి.

వేపకి చిగురు వెనకాలే పూత వస్తుంది. ఉగాది పచ్చడికి పూత దులిపేటప్పుడు కింద దుప్పటి నాలుగు కొసలు పట్టుకోవాలి, నావి రెండు చేతులే ఉన్నాయి, ముందు రోజే వచ్చేయమని అమ్మకి చెప్పండి.

మీ అమ్మమ్మ