చట్టం ముందొచ్చింది, మెదడు సంగతి తర్వాత తెలిసింది

వైజాగ్‌లో గంజాయి వార్త ఎప్పుడూ కిలోల్లోనే ఉంటుంది. నర్సీపట్నం రోడ్డులో వ్యాన్ ఆపారు, రైల్వే స్టేషన్‌లో బ్యాగులు దొరికాయి, ఇన్ని కిలోలు, ఇంత విలువ. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు కుప్పపోసి కాల్చినప్పుడు కూడా అందరికీ గుర్తుండిపోయింది ఆ అంకే. ఆ సరుకు పీల్చే కుర్రాడి తలలో ఏం జరుగుతోందో మాత్రం వార్తలోకి రాదు. ఈ చూపు చాలా పాతది. ప్రభుత్వాలు గంజాయిని మొదట పన్నుగా చూశాయి, తర్వాత నేరంగా చూశాయి. జబ్బుగా చూడటం ఇంకా సరిగ్గా మొదలే కాలేదు.

గంజాయి తాగితే పిచ్చెక్కుతుందా అన్న ప్రశ్న బ్రిటిష్ పార్లమెంటులో లేస్తే, 1893లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేశారు. దాదాపు 1,200 మంది సాక్షుల్ని విచారించి 1894లో నివేదిక ఇచ్చారు. అందులో నాకు ముఖ్యంగా తోచేది పిచ్చాసుపత్రుల రికార్డుల సంగతి. వాల్తేరులో కూడా అప్పటికే అలాంటి ఆసుపత్రి ఉంది. దేశంలో చాలాచోట్ల, రోగిని తెచ్చిన పోలీసులు చెప్పిందే 'కారణం' గడిలో ఎక్కేది. వేరే కారణం దొరక్కపోతే 'గంజాయి' అని రాసేసేవారు. కమిషన్ ఆ లెక్కల్ని నమ్మలేమని తేల్చింది. మితంగా వాడితే పెద్దగా హాని లేదని, అతిగా వాడితే ఉందని చెప్పి, నిషేధం బదులు పన్ను, లైసెన్సు చాలంది. ఇప్పటికీ "గంజాయికి ఏమీ కాదు" అనేవాళ్లు ఈ నివేదికనే పట్టుకొస్తారు. కానీ గంజాయి మెదడులో ఎక్కడ, ఎలా పనిచేస్తుందో ఆనాడు ఎవరికీ తెలియదు.

1961లో మాదకద్రవ్యాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం, 1985లో మన మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) వచ్చాయి. చట్టం ప్రకారం గంజాయంటే పూత, కాయ ఉన్న కొనలు. విడిగా ఉన్న ఆకు, గింజ అందులోకి రావు. కిలో వరకు చిన్న మోతాదు, 20 కిలోలు దాటితే వాణిజ్య మోతాదు, పదేళ్లకు తగ్గని జైలు. ఆ తర్వాతి కథ మనకు తెలిసిందే. పాడేరు, చింతపల్లి, జీకే వీధి కొండల్లో బయటి వ్యాపారుల పెట్టుబడితో సాగు పెరిగింది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు వేల ఎకరాల తోటలు నరికించారు. కేసుల్లో ఎక్కువగా ఇరుక్కున్నది మోసుకెళ్లే పేద గిరిజన కుర్రాళ్లే. ఇది నన్ను బాధించే విషయం.

గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో రఫేల్ మెషూలం, యెహియేల్ గవోనీ విడదీశారు. అది మెదడు కణాల మీద అతుక్కునే చోటు, అంటే గ్రాహకం (రిసెప్టర్) మాత్రం 1988 దాకా దొరకలేదు. అంటే మన చట్టం వచ్చిన మూడేళ్లకు. 1992లో అసలు గుట్టు బయటపడింది: ఆ గ్రాహకాల కోసం మన మెదడే అనాండమైడ్ అనే పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. నాడీకణాల మధ్య సందేశాలు మితిమీరకుండా తగ్గించడం దాని పని. అవసరమైన చోటే కాసేపు పుట్టి కరిగిపోతుంది. టీహెచ్‌సీ అలా కాదు. అది ఒకేసారి అన్నిచోట్లా కూర్చుంటుంది, గంటల తరబడి కదలదు. జ్ఞాపకాల్ని నిలిపే భాగంలో కూర్చుంటే చదివింది నిలవదు. చిన్నమెదడులో కూర్చుంటే బండి మీద బ్యాలెన్స్ పోతుంది. హుషారునిచ్చే డొపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలకు ఉన్న బ్రేకు సడలిపోయి కిక్కు వస్తుంది. రోజూ ఇదే జరిగితే మెదడు గ్రాహకాల్ని తగ్గించుకుంటుంది. అప్పుడు అదే దమ్ము చాలదు, మామూలు సంతోషాలు చప్పబడతాయి. గంజాయి నుంచి తీసే హాష్ ఆయిల్‌లో టీహెచ్‌సీ చిక్కగా ఉంటుంది కాబట్టి ఆ దారి ఇంకా దగ్గర.

గంజాయి శ్వాసను ఆపదు. ఊపిరి నడిపే మెదడు కాండంలో ఈ గ్రాహకాలు బాగా తక్కువ. హెరాయిన్‌లా ఒక్క డోసుతో ప్రాణం తీయకపోవడానికి కారణం అదే, "ఏమీ కాదు" అన్న ధీమాకు కూడా అదే కారణం. కానీ ముందుచూపును నడిపే నుదుటి భాగం పాతికేళ్ల దాకా పెరుగుతూనే ఉంటుంది. స్వీడన్ సైన్యంలో చేరిన దాదాపు 45 వేల మంది యువకుల్ని గమనించిన అధ్యయనం 1987లో వచ్చింది. 18 ఏళ్లలోపే బాగా వాడినవాళ్లలో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు, వాడనివాళ్లతో పోలిస్తే దాదాపు ఆరు రెట్లు కనపడింది. అన్నిటికీ గంజాయే కారణమని అనలేం గానీ, ఇంటర్ పిల్లాడి చేతిలో అది ఉందంటే నాకు భయమే.

మానేసిన మొదటి వారం చాలా కష్టం. చిరాకు, ఆకలి లేకపోవడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం. ఇంట్లోవాళ్లు దీన్ని నాటకమనుకుని తిడతారు, కొన్నిసార్లు కొడతారు. అది నాటకం కాదు, తగ్గిన గ్రాహకాలు తిరిగి వచ్చేదాకా శరీరం పడే అవస్థ. స్కానింగ్ పరీక్షల్లో దాదాపు నాలుగు వారాలకు అవి చాలావరకు మామూలు స్థాయికి చేరినట్టు తేలింది. నిద్ర మాత్రం కుదుటపడటానికి ఎక్కువ రోజులు తీసుకోవచ్చు.

ఇదే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడుకునేవాడు, చిన్న మోతాదుతో దొరికినవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు చేరితే విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది, చికిత్స పూర్తిచేయాలన్న షరతుతో. పోలీసు కేసు టెన్షన్‌తో పిల్లాణ్ణి దాచిపెట్టే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పేవాళ్లు అరుదు. చికిత్స ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడానికి కేంద్రం నడిపే ఉచిత హెల్ప్‌లైన్ నంబరు 14446.