ఉద్యోగంలో ఉన్నారంటే ఇష్టంతోనేనా?

1913లో డెట్రాయిట్ పక్కనే హైలాండ్ పార్కులో ఉన్న ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో పనివాళ్లు నిలిచేవారు కాదు. దాదాపు 14 వేల మందితో నడిచే ఫ్యాక్టరీలో ఆ ఒక్క ఏడాదే 52 వేల మందికి పైగా చేర్చుకోవాల్సి వచ్చింది. వలసల రేటు, అంటే ఏడాదిలో పని మానేసి పోయేవాళ్ల లెక్క, 370 శాతం. కార్ల బిగింపు కదిలే (అసెంబ్లీ) లైను మీదికి మారాక మనిషికి ఒకే చిన్న పని మిగిలింది. చేయి తిరిగిన మెకానిక్కు కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే బోల్టు బిగించాలి.

1914 జనవరి 5న ఫోర్డు కంపెనీ రోజుకు 5 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. అంతకుముందు 9 గంటల పనికి దక్కేది 2.34 డాలర్లే. ఇప్పుడు పని కూడా 8 గంటలే. గేటు ముందు వేల మంది ఎగబడితే, గడ్డకట్టే చలిలో వాళ్ల మీద గొట్టాలతో నీళ్లు కొట్టించారు. ఆ 5 డాలర్లూ ఊరికే రాలేదు. ఇల్లు శుభ్రంగా ఉందా, తాగుతున్నారా, పొదుపు చేస్తున్నారా అని ఇంటికొచ్చి ఆరా తీయడానికి ఒక విభాగాన్నే పెట్టారు. ఏమైతేనేం, 1915 నాటికి వలసల రేటు 16 శాతానికి దిగింది.

ఆ జనవరిలోనే ఓ కార్మికుడి భార్య పేరు రాయకుండా హెన్రీ ఫోర్డుకు ఉత్తరం రాసింది. 5 డాలర్లు దీవెనేనంటూనే, ఆ లైను పని బానిసలను తోలినట్టుందని, భర్త ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా కూలబడిపోతున్నాడని మొరపెట్టుకుంది. 16 శాతం అనే అంకెలో ఆ ఇల్లు కనిపించదు.

ఉద్యోగంలో నిలవడం, దాన్ని ఇష్టపడటం ఒకటి కాదని పండితులకు పట్టుబడేసరికి చాలా ఏళ్లు గడిచాయి. పిట్స్‌బర్గ్‌లో సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించిన మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం, జీతం లాంటివి అసంతృప్తిని తగ్గిస్తాయే కానీ తృప్తిని పెద్దగా పుట్టించవని 1959లో తేల్చింది. (దీని మీద తగువు ఇంకా తెగలేదు.) మరుసటి ఏడాది సామాజికవేత్త హోవర్డ్ బెకర్ మరో కోణం చూపారు: ఏళ్లు గడిచేకొద్దీ పింఛను, సీనియారిటీ, స్థిరపడిన ఊరు లాంటివన్నీ పోగుపడి, మానేస్తే నష్టం అనే స్థితి వస్తుంది. కెనడాకు చెందిన జాన్ మేయర్, నటాలీ అలెన్ 1991లో ఉద్యోగికి సంస్థతో ఉండే బంధాన్ని మూడుగా విడదీశారు. ఇష్టపడి ఉండటం, పోతే నష్టమని ఉండటం, పోవడం ధర్మం కాదని ఉండటం. తర్వాత అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, ఉద్యోగ తృప్తికి మొదటి దానితో గట్టి ముడి కనిపించింది. రెండోదానితో దాదాపు ఏమీ లేదు.

ఆ రెండో రకం మనకు కొత్తేమీ కాదు. ఉద్యోగం మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ డబ్బుకు సాధారణంగా ఐదేళ్ల సర్వీసు నిండాలి. నాలుగేళ్లు దాటిన ఉద్యోగిని కదిపి చూడండి, ఇంకెన్ని నెలలున్నాయో ఠక్కున చెబుతారు. ఆ మాటలో కంపెనీ మీద ప్రేమ ఎంతో వెతకనక్కర్లేదు.

హైదరాబాదులోనూ వేల మందికి ఉద్యోగాలిచ్చిన టీసీఎస్‌లో 2022 సెప్టెంబరు నాటికి ఏడాది వలసల రేటు 21.5 శాతం. 2023 డిసెంబరుకు అది 13.3కి తగ్గింది. ఆ పదిహేను నెలల్లో పని ఎంత హాయిగా మారిందో నేను చెప్పలేను కానీ, ఐటీలో బయటి కంపెనీల నియామకాలు మాత్రం బాగా తగ్గిపోయాయి.