పిల్లల ఫోటోల్లో సెలెక్టివ్ కలర్, క్రాపింగ్: అపోహలు - వాస్తవాలు

పిల్లల ఫోటోలు తీయడమే వృత్తిగా ఉన్న నా దగ్గరికి ఒకే రకమైన అభ్యర్థన మళ్లీ మళ్లీ వస్తుంది. తల్లిదండ్రులు ఒక ఫోటో చూపిస్తారు. అందులో బిడ్డ గౌను ఒక్కటే ఎర్రగా ఉంటుంది, మిగిలినదంతా నలుపు-తెలుపులో ఉంటుంది. దీన్నే సెలెక్టివ్ కలర్ అంటారు. ఒకప్పుడు తామే ముచ్చటపడి చేయించుకున్నామని, ఇప్పుడు మాత్రం బిడ్డను అసలు రంగుల్లో చూసుకోవాలని ఉందని, ఆ ఎఫెక్ట్ తీసేసి ఇస్తే చాలని అడుగుతారు. పైన కప్పిన గుడ్డను లాగేసినట్టు ఎఫెక్ట్‌ను తీసేయవచ్చని వారి నమ్మకం. కుదరదని చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఎనిమిది నెలల వయసును వెనక్కి తెచ్చి మళ్లీ ఫోటో తీయడం ఎవరి వల్లా కాదు.

అపోహ: సెలెక్టివ్ కలర్ చేసిన ఫోటోలో అసలు రంగులు ఎక్కడో దాగి ఉంటాయి.

వాస్తవం: మీ చేతిలో ఉన్నది ఏ ఫైలు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ పనిని సరిగ్గా చేసేవారు రంగు ఫోటోను అడుగున అలాగే ఉంచి, దానిపైన బ్లాక్ అండ్ వైట్ లేయర్ (పొర) వేసి, రంగు కనిపించవలసిన చోట మాత్రం ఆ లేయర్‌ను మాస్క్‌తో, అంటే కావలసిన భాగాన్ని దాచే ముసుగుతో, మూస్తారు. లేయర్లతో సహా దాచిన ఆ ఫైలు ఉన్నంతకాలం రంగులకు ఏ ప్రమాదమూ లేదు. కానీ తల్లిదండ్రులకు అందేది సాధారణంగా జేపెగ్ ఫైలు. అందులో లేయర్లు ఉండవు, కంటికి కనిపించేది తప్ప వేరే ఏదీ మిగలదు.

రంగు ఫోటో పిక్సెళ్లు అనే చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. అందులో ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు సంఖ్యలు ఉంటాయి, ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉండవచ్చు కనుక మొత్తం 1,67,77,216 రంగులు సాధ్యమవుతాయి. నలుపు-తెలుపుగా మార్చినప్పుడు ఆ మూడు సంఖ్యలూ ఒకటే అయిపోయి 256 బూడిద ఛాయలు మాత్రమే మిగులుతాయి. సాధారణంగా వాడే లెక్క ప్రకారం ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 చొప్పున విలువ కట్టి కలుపుతారు. ఆ లెక్కలో 255 విలువ ఉన్న స్వచ్ఛమైన ఎరుపూ, 130 విలువ ఉన్న ముదురు ఆకుపచ్చా రెండూ 76 అనే ఒకే బూడిద ఛాయకు చేరతాయి. ఒకసారి 76 అయిన పిక్సెల్‌ను చూసి, అది మొదట ఎరుపో ఆకుపచ్చో చెప్పగల సమాచారం ఆ ఫైలులో లేదు. నైపుణ్యం ఉన్నవారి దగ్గరికి వెళితే వస్తుందన్న ప్రచారాన్ని దయచేసి నమ్మకండి, లేని సమాచారాన్ని ఏ నైపుణ్యమూ వెలికితీయలేదు.

కృత్రిమ మేధతో రంగులు తిరిగి వస్తాయన్నది దీనికి ఈమధ్య కలిసిన కొత్త వదంతి. ఆ పరికరాలు తాము చూసిన అసంఖ్యాకమైన ఫోటోలను ఆధారం చేసుకుని, చర్మం ఇలా ఉండవచ్చు, గడ్డి అలా ఉండవచ్చు అని ఊహించి రంగు వేస్తాయి. ఆ ఊహ చాలాసార్లు నమ్మదగినట్టే ఉంటుంది, అయినా అది మీ బిడ్డ రంగు కాదు. ఒక తల్లి తన కూతురి పసితనపు ఫోటో తెచ్చారు. పాపకు కణత దగ్గర ఎర్రటి పుట్టుమచ్చ ఉండేదట. పసిపిల్లల్లో కనిపించే అటువంటి ఎర్ర మచ్చలు చాలావరకు వయసుతో పాటు వెలిసిపోతాయి, ఆ పాపకూ అలాగే వెలిసిపోయింది. ఆమె చూడాలనుకున్నది సరిగ్గా ఆ మచ్చనే. నలుపు-తెలుపులో అది కణత మీద పడిన చిన్న నీడలా ఉంది, రంగులు వేసే పరికరం కూడా దాన్ని నీడగానే భావించి గోధుమ రంగు పూసింది. ఆమె చాలాసేపు తెర వైపు చూసి, "ఇది మా పాప కాదండీ" అన్నారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ రోజు తీసిన ఫోటోలు ఇంట్లోవాళ్ల పాత ఫోన్లలో ఉన్నాయేమో వెతకమని చెప్పాను. కాస్త మసకగా ఉన్న ఒక ఫోటో దొరికింది, మచ్చ ఎర్రగానే కనిపించింది, ఆమె దాన్నే ప్రింట్ చేయించుకున్నారు.

అందువల్ల ఫోటోలు తీసుకునే రోజునే అడగండి: ఎఫెక్ట్ చేసిన ఫైలుతో పాటు, ఏమీ కత్తిరించని, పూర్తి రంగుల్లో ఉన్న, పూర్తి పరిమాణపు ఫైలు కూడా ఇవ్వమని అడగండి. దాన్ని మెసేజ్ యాప్‌లో మామూలు ఫోటోగా తీసుకోవద్దు, అలా పంపినప్పుడు అది కుదించుకుపోతుంది; పెన్‌డ్రైవ్‌లోనో, డౌన్‌లోడ్ లింకు ద్వారానో తీసుకోవడం మేలు. ఫోటోగ్రాఫర్ దగ్గర ఎప్పటికీ ఉంటుందిలే అన్న ధీమా కూడా పనికిరాదు. మాలో చాలామంది కొంతకాలం తర్వాత పాత ఫైళ్లు తీసేస్తారు, డిస్కులు చెడిపోవడమూ ఉంటుంది. వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేను కూడా ఒక బాబు ఫోటోను క్రాప్ చేసి, అంటే అంచులు కత్తిరించి, అదే పేరుతో అసలు ఫైలు మీదే సేవ్ చేశాను. ఆ ఫ్రేమ్‌లో బాబు పాదాలు ఉండేవి. వాటిని ఇవ్వలేకపోయినందుకు ఆ తండ్రికి క్షమాపణ చెప్పుకున్నాను. ఆనాటి నుంచి అసలు ఫైలును తాకకుండా నకలు మీదే పని చేస్తున్నాను.

అపోహ: దూరం నుంచి తీసినా ఫరవాలేదు, తర్వాత క్రాప్ చేసి ముఖాన్ని దగ్గరికి తెచ్చుకోవచ్చు.

వాస్తవం: కొంతవరకే. 6000×4000 పిక్సెళ్ల ఫోటోలో నిడివి, ఎత్తు రెండింటిలోనూ సగం కత్తిరిస్తే మిగిలేది 3000×2000, అంటే మొత్తం పిక్సెళ్లలో నాలుగో వంతు. రెండింటిలోనూ నాలుగో వంతే ఉంచుకుంటే 1500×1000 మిగులుతాయి. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన మంచి ప్రింట్ 5 అంగుళాల నిడివికే వస్తుంది. పైగా క్రాప్ చేసి పెద్దది చేసినప్పుడు ముఖంతో పాటు ఫోకస్‌లోని చిన్న తప్పు, చీకటి గదిలో వచ్చిన నాయిస్ (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) కూడా పెద్దవవుతాయి. అయితే కదులుతున్న పసివాడి చుట్టూ కాస్త ఖాళీ వదిలి తీయడం తప్పేమీ కాదు, నేనూ అలాగే తీస్తాను. మరీ దగ్గరికి వెళ్లి వైడ్ లెన్స్‌తో తీసినప్పుడు ముక్కు పెద్దదిగా కనిపిస్తే దాన్ని ఏ క్రాపూ సరిచేయదు, ఎందుకంటే ముఖంలోని ఆ నిష్పత్తులు కెమెరాకూ బిడ్డకూ మధ్య ఉన్న దూరాన్ని బట్టి ఏర్పడతాయి.

ప్రింట్ కొలత సంగతి కూడా ముందే ఆలోచించాలి. చాలా కెమెరాల ఫ్రేమ్ 3:2 నిష్పత్తిలో ఉంటుంది, అది 8×12 ప్రింట్‌కు సరిగ్గా సరిపోతుంది. 8×10 కావాలంటే నిడివిలో రెండు అంగుళాలు, అంటే ఆరో వంతు పోతుంది. చేతులు బార్లా చాచిన పాప వేళ్లు పోయేది అక్కడే.

కీళ్ల దగ్గర కత్తిరించకూడదన్నది శాసనం కాదు కానీ మంచి సలహా. మణికట్టు దగ్గరో చీలమండ దగ్గరో అంచు వస్తే అవయవం తెగినట్టు అనిపిస్తుంది. నడినెత్తి కొంచెం పోయినా ముఖం నిండుగానే ఉంటుంది, గడ్డం మాత్రం పోకూడదు.

అపోహ: ఒక్క చోట రంగు ఉంచితే చూపు బిడ్డ మీద నిలుస్తుంది.

వాస్తవం: చూపు రంగు మీద నిలుస్తుంది. బుడగకు రంగు ఉంచితే చూసేవారు బుడగను చూస్తారు, బిడ్డ కళ్లు ఆ తర్వాతే. బిడ్డ చేతిలోని వస్తువుకే అసలు కథ ఉన్నప్పుడు ఈ పద్ధతి అందంగా ఉంటుంది, లేనప్పుడు నేను వద్దనే చెబుతాను. ఎరుపును యాప్‌తో ఒక్క తాకుడులో ఎంచుకుంటే పెదవులు, బుగ్గలు కూడా ఆ ఎంపికలోకి వచ్చేస్తాయి, ఎందుకంటే చర్మం రంగులో ఎరుపు, నారింజ పాళ్లే ఎక్కువ. ఆ హద్దులను చేత్తో మాస్క్ గీసి సరిచేయవలసిందే. ఫోటోషాప్‌లో సెలెక్టివ్ కలర్ అనే పేరుతో ఉన్న సాధనం దీనికోసం కాదు, అది రంగుల పాళ్లను సవరించేది.

చివరగా, క్రాప్ చేస్తే బడి పేరు, ఇంటి నంబరు పూర్తిగా పోయినట్టేనన్న నమ్మకం కూడా అన్నివేళలా నిజం కాదు. 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలోని మార్కప్ సాధనంలో ఒక లోపం బయటపడింది. దానితో కత్తిరించిన స్క్రీన్‌షాట్లలో తీసేసిన భాగాన్ని కొంత తిరిగి రాబట్టవచ్చని తేలింది. లోపాన్ని సరిదిద్దారు, కానీ అప్పటికే పంచుకున్న చిత్రాలు అలాగే ఉన్నాయి. ఫోటోతో పాటు నమోదయ్యే జీపీఎస్ వివరాలను కూడా క్రాప్ తొలగించదు. బిడ్డ ఫోటోను బయటికి పంపేముందు లొకేషన్ వివరాలను విడిగా తీసేయాలి, బడి బ్యాడ్జీ లాంటివి ఉంటే ఫోటో తీయకముందే పక్కన పెట్టించాలి.