మన వీధి రోడ్డు గురించి మనవలకు

చిన్నోడికి, బుజ్జి తల్లికి తాతయ్య దీవెనలు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు చూశారు కదా, రాత్రి గుంతలతో ఉన్న మన వీధి తెల్లారేసరికి నల్లగా, నున్నగా అయిపోయింది. "ఒక్క రాత్రిలో ఎలా వేశారు తాతయ్యా?" అని అడిగారు. మిషన్లతో అని చెప్పి ఊరుకున్నాను. అది సగం జవాబే. మిగతా సగం చెప్పబోతే నాకు గొంతు పెగల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ ముత్తవ్వ, అంటే మా అమ్మ, కంకర కొట్టేది. నాకు పదేళ్లున్నప్పుడు, 1965 ప్రాంతంలో, వానలు లేక పాలమూరులో మా ఊరు ఎండిపోయింది. నాయన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాడు. ఆ బాకీ తీరేదాకా ఎక్కడికి తీసుకెళ్తే అక్కడ పని చేయాలి. అలా ఇంటికి తడిక కట్టి, చెల్లిని చంకనేసుకుని, హైదరాబాద్ శివార్లలో వేస్తున్న రోడ్డు పక్కకు వచ్చి పడ్డాం. తిండిగింజలు మేస్త్రీయే ఇచ్చి ఖాతాలో రాసుకునేవాడు. నాయనకు చదువు రాదు. ఎంత రాశాడో, ఎంత కొట్టేశాడో మాకెప్పుడూ తెలియలేదు.

బండను సమ్మెటతో పగలగొట్టి పెద్ద రాళ్లు చేయడం మగవాళ్ల పని. వాటిని కోడిగుడ్డంత ముక్కలు చేయడం ఆడవాళ్లది, ముసలివాళ్లది, మా లాంటి పిల్లలది. అమ్మ పాత టైరు రబ్బరును చుట్టలా కట్టి, దాని మధ్య రాయిని ఇరికించి, ఎడమచేత్తో పట్టుకుని సుత్తి వేసేది. చుట్ట లేకపోతే ముక్కలు ఎగిరి కంట్లో పడతాయి. వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకునేది. సాయంత్రానికి ఆ పీలికలు రక్తంతో అంటుకుపోతే నీళ్లతో తడిపి నేను ఊడదీసేవాణ్ని. లాగితే చర్మం కూడా వస్తుంది, అందుకని మెల్లగా తీయాలి. ఆ పని నాకు బాగా వచ్చేది.

కంకర గుండ్రంగా ఉంటే పనికిరాదు, పదునైన అంచులుండాలి. రోలరు తొక్కినప్పుడు ఆ అంచులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి, రోడ్డు కదలదు. దాదాపు 200 ఏళ్ల కిందట మెకాడమ్ అనే స్కాట్లండ్ ఆయన ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. కూర్చుని చిన్న సుత్తితో కొట్టే పని కాబట్టి ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు చేయగలరని కూడా అన్నాడు. రాళ్లు కొట్టే మిషన్‌కు అమెరికాలో 1858లోనే పేటెంట్ వచ్చింది. అంటే మా అమ్మ సుత్తి పట్టేనాటికి ఆ మిషన్‌కు వందేళ్లు దాటాయి. మిషన్ కొనడం కన్నా మా అమ్మ చేయి చవక. ఈ ఒక్క మాట నాకు పెద్దయ్యాక తెలిసింది. తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. కఠిన కారాగార శిక్ష పడిన ఖైదీల చేత జైళ్లలో ఇదే రాళ్లు కొట్టించేవాళ్లు. మా అమ్మ ఏ నేరం చేసింది?

కొట్టిన కంకరను కుప్ప పోస్తే, అడుగు లేని చెక్కపెట్టె పెట్టి కొలిచేవాళ్లు. పెట్టె నిండాక కాలితో తొక్కి, "ఇంకా పొయ్యి" అనేవాడు కొలతగాడు. రోజంతా కొట్టింది ఆ తొక్కుడులో కొంత పోయేది.

ఆ తర్వాత పెద్ద రాళ్లు పేర్చి, పైన కంకర పరిచి, మొరం చల్లి, నీళ్లు పోసి రోలరు నడిపేవాళ్లు. రోలరు అందని మూలల్లో దిమ్మిసతో కొట్టేవాళ్లు. కంకర, మొరం, నీళ్లు అన్నీ ఆడవాళ్ల నెత్తి మీదే వచ్చేవి. తట్టల మోతకు రోజుకూలీ, అది మగవాళ్ల కన్నా తక్కువ. సమాన పనికి సమాన కూలీ ఇవ్వాలన్న చట్టం 1976లో గానీ రాలేదు. వెట్టిచాకిరీ రద్దు చట్టమూ ఆ ఏడాదే వచ్చింది.

అన్నిటికన్నా కష్టం తారు పని. తడి రాయికి తారు అంటుకోదు, కాబట్టి అది ఎండాకాలంలోనే జరగాలి. నెత్తిన మే నెల ఎండ, పక్కన కట్టెల పొయ్యి మీద మరుగుతున్న తారు పీపా. నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి, తారును అంతకన్నా చాలా ఎక్కువ వేడి చేస్తారు. నాయన కాళ్లకు గోనెపట్టా చుట్టుకుని చిల్లుల డబ్బాతో తారు పోస్తూ వెనక్కి నడిచేవాడు. ఒకరోజు డబ్బా ఒలికి కుడి పాదం మీద పడింది. తారు నీళ్లలా జారిపోదు బిడ్డా, అంటుకుని అక్కడే కాలుస్తుంది. రోడ్డు పని చేయించే కాంట్రాక్టరు ఆ రోజు కూలీ సగమే ఇచ్చాడు, మధ్యాహ్నం నుంచి పని చేయలేదని. నాయన ఎప్పుడూ చెప్పులు వేసుకోకపోవడం మీరు ఫొటోల్లో చూశారు. ఆ పాదం ఏ చెప్పులోనూ పట్టేది కాదు.

అమ్మ యాభై దాటగానే దగ్గుతో మంచం పట్టింది. ఏళ్ల తరబడి పీల్చిన రాతిపొడి ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది, దాన్ని సిలికోసిస్ అంటారు. మాకప్పుడు ఆ పేరే తెలియదు. టీబీ అనుకుని మందులు వాడాం.

మొన్న రాత్రి మీరు నిద్రపోయాక నేను సీసాల్లో నీళ్లు పట్టుకుని కిందికి వెళ్లాను. పెద్ద మిషన్ తారు కంకరను పరుస్తూ పోతోంది. దాని ముందు నలుగురు ఆడవాళ్లు ముఖాలకు గుడ్డలు కట్టుకుని చీపుర్లతో దుమ్ము ఊడుస్తున్నారు. వెనక ఇద్దరు పారలతో అంచులు సర్దుతున్నారు. "ఏ ఊరమ్మా?" అని అడిగాను. "నారాయణపేట దిక్కు, పెద్దాయనా" అంది ఒకామె. అదీ మా పాలమూరు వైపే. నీళ్లు తాగి సీసా తిరిగిచ్చింది. కాళ్లకు బూట్లున్నాయి. అది చూసి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. వెనక్కి వస్తుంటే మన గేటు పక్కన, కరెంటు స్తంభానికీ వేపచెట్టుకూ మధ్య చీర ఉయ్యాల కట్టి ఉంది. అందులో ఒక పసిబిడ్డ నిద్రపోతోంది.

మీ
తాతయ్య