వేడి చేసినా పోని విషం

మూత తీసి వాసన చూస్తాం, కొంచెం నాలుక మీద వేసుకుంటాం, బాగానే ఉందనిపిస్తే వేడి చేసి తినేస్తాం. పాచిపోయిన తిండిని ఈ పరీక్ష పట్టేస్తుంది. జబ్బు తెచ్చే తిండి మాత్రం చాలాసార్లు తప్పించుకుంటుంది. ఆహారాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వేరు, మనల్ని మంచాన పడేసేవి వేరు. మొదటివి పులుపుతోనో జిగురుతోనో బూజుతోనో బయటపడిపోతాయి. రెండోవి లక్షల్లో పెరిగినా రంగు, రుచి మారకపోవచ్చు.

1914లో ఎం.ఎ. బార్బర్ అనే శాస్త్రవేత్త ఫిలిప్పీన్స్‌లో ఈ సంగతిని తన కడుపు మీదే తేల్చుకున్నాడు. ఒక ఆవు పాలను అప్పటికప్పుడు తాగితే ఏమీ కాలేదు. అవే పాలు కొన్ని గంటలు బయట ఉంచి తాగితే జబ్బు చేసింది. పాలలో ఉన్నది స్టాఫిలోకాకస్ బాక్టీరియా. గంటలు గడిచేకొద్దీ అది పెరిగి, పాలలోకి విషం వదిలింది. ఈ బాక్టీరియా కోసం ఆవుదాకా వెళ్లక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే సుమారు మూడోవంతు మంది ముక్కుల్లో ఉంటుంది. ముక్కు తుడుచుకున్న చెయ్యి, వేలి మీద చీము పట్టిన పుండు చాలు, తిండిలోకి చేరిపోతుంది. మరిగిస్తే బాక్టీరియా చస్తుంది గానీ అది వదిలిన విషం చెక్కుచెదరదు.

అన్నంలో కథ ఇంకా విచిత్రం. బియ్యంతో పాటు వచ్చే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా గట్టి పెంకు కట్టుకుని సిద్ధబీజంగా మారగలదు. అన్నం ఉడికే వేడికి మిగతా బాక్టీరియా చాలావరకు పోతుంది, ఇది మిగులుతుంది. అంటే వంట దానికి పోటీదారులు లేకుండా చేసి పెడుతుందన్నమాట! అన్నం గోరువెచ్చగా ఉండగా సిద్ధబీజాలు మొలకెత్తుతాయి. అనుకూలమైన వేడిలో 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యే బాక్టీరియా, ఒక్కటే ఉన్నా ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతుంది. దీని జాతుల్లో కొన్ని తయారుచేసే సెర్యులైడ్ అనే విషం 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటన్నర ఉంచినా చెడలేదు. మళ్లీ వేడి చేసుకుని తిన్నా కొద్ది గంటల్లోనే వాంతులు పట్టుకునేది అందుకే.

అన్ని విషాలూ ఇంత మొండివి కావు. అత్యంత ప్రాణాంతకమైన బొట్యులినం విషం మరిగిస్తే విరిగిపోతుంది. ఇక నోరోవైరస్ తిండిలో పెరగదు, విషమూ వదలదు. కడగని చేతుల మీదుగా కొన్ని పదుల కణాలు లోపలికి వెళ్తే చాలు, పేగుల్లో తన పని మొదలుపెడుతుంది.

కాబట్టి చూడాల్సింది గడియారం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య చాలా బాక్టీరియా చురుగ్గా పెరుగుతుంది. వండింది వేడివేడిగా తినాలి, లేదా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద గిన్నెతో పెడితే నడిమధ్య భాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, లోతు తక్కువ పాత్రల్లోకి సర్దడం మేలు. ఫ్రిజ్ కూడా గడువును పొడిగిస్తుందంతే. లిస్టీరియా అనే బాక్టీరియా 4 డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతుంది.

జబ్బు చేశాక మనం ఆఖరున తిన్నదాన్నే తిట్టుకుంటాం. స్టాఫిలోకాకస్ విషయంలో ఆ అనుమానం తరచూ నిజమే. సాల్మొనెల్లా అనే బాక్టీరియా అయితే జబ్బు బయటపడటానికి 6 గంటల నుంచి 6 రోజులు తీసుకోవచ్చు, లిస్టీరియాకు వారాలు పట్టొచ్చు. అందుకే ఆరా తీసే ఆరోగ్య సిబ్బంది రాత్రి భోజనం దగ్గర ఆగకుండా, అంతకుముందు కొన్ని రోజులుగా ఏమేం తిన్నారో అడుగుతారు.