నున్నటి గాజుకు పాచి పట్టదా? అపోహలు - వాస్తవాలు

అపోహ: నీటిలో ఉండే గాజు ఉపరితలం నున్నగా, నీరు అంటనట్టుగా ఉంటే పాచి పట్టదు.

ఎక్కువ డబ్బు వదిలేది ఈ నమ్మకం దగ్గరే. సిలికోన్ పూత వేయిస్తారు, కొన్నాళ్లకే గోధుమరంగు జిగట కనబడుతుంది, పూత నకిలీదేమోనని కంగారు పడతారు. పూత మంచిదే అయ్యుండొచ్చు. ఉల్వా అనే ఆకుపచ్చ సముద్రపు పాచి మొలకలు అలాంటి పూత మీంచి నీటి ఒరవడికి తేలిగ్గా ఊడిపోతాయి. ఆ గోధుమరంగు జిగటలో ఉండే డయాటమ్‌లు (సిలికా పెంకున్న ఏకకణ పాచి జీవులు) మాత్రం నీరంటని ఉపరితలాన్నే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి.

వాటికి గరుకుతో పని లేదు. పాకే డయాటమ్ సిలికా పెంకులో పొడుగునా రేఫీ అనే సన్నటి చీలిక ఉంటుంది. అందులోంచి వచ్చే జిగురు పోగులు గాజుకు అతుక్కుంటాయి. చీలిక కిందే, కణం లోపల ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగుల కట్టలు రెండు ఉంటాయి. మయోసిన్ అనే మరో ప్రొటీన్ ఆ కట్టల వెంట నడుస్తూ జిగురు పోగుల్ని వెనక్కి లాగుతుంది. పోగులు గాజుకు అతుక్కుని కదలవు కాబట్టి కణమే ముందుకు జారుతుంది. ఎడ్గర్, పికెట్-హీప్స్ అనే శాస్త్రవేత్తలు 1984లో ప్రతిపాదించిన నమూనా ఇది. ఆక్టిన్‌ను విడగొట్టే లాట్రంక్యులిన్ అనే రసాయనం వేస్తే నడక ఆగుతుందని 1999లో తేలింది. వేగం సెకనుకు 1 నుంచి 25 మైక్రాన్లు. అందుకే గాజు చుట్టూ ఉండే రబ్బరు అంచు పక్కన తుడవకుండా వదిలిన కాస్త చోటు చాలు, అక్కడివి మళ్లీ గాజంతా ఎక్కుతాయి.

అనుమానం ఉంటే మైక్రోస్కోప్ స్లైడ్‌ను ఆ గాజు ఉండే నీటిలోనే 3 నుంచి 7 రోజులు వేలాడదీయండి. ఒక వైపు తుడిచి, రెండో వైపు అదే నీటి చుక్కతో కవర్‌స్లిప్ (పల్చటి గాజు మూత) వేసి మైక్రోస్కోప్ కింద 400 రెట్లలో చూడండి. డిస్టిల్డ్ వాటర్ వద్దు. కాల్షియం లేకపోతే పట్టూ ఉండదు, నడకా ఉండదు. స్లైడ్‌ను విసురుగా పైకి లాగినా తప్పే: నీరు, గాలి కలిసే అంచు తగిలి బలహీనంగా అంటుకున్నవి రాలిపోతాయి. లెక్క తప్పుతుంది. మైక్రోస్కోప్ దీపం వేడి మరీ ఎక్కువైనా నడక మందగిస్తుంది, కాంతి తగ్గించండి.

అపోహ: బ్లీచింగ్ వేస్తే చాలు.

కణం చస్తుంది, జిగురూ పెంకూ అక్కడే ఉంటాయి. కొత్తవి దాని మీదే దిగుతాయి. వేశాక రుద్దాల్సిందే.

అపోహ: డయాటమ్‌లు కశాభాలతో (కొరడాల్లాంటి సన్నటి తోకలతో) ఈదుకుంటూ పాకుతాయి.

పాకే డయాటమ్‌లకు కశాభాలే లేవు. కశాభాలను గాజుకు ఆనించి జారేది క్లామిడోమొనాస్, అది డయాటమ్ కాదు, ఆకుపచ్చ పాచి జీవి.

అపోహ: డయాటమ్‌లన్నీ నడుస్తాయి.

రేఫీ ఉన్నవే. గుండ్రటి సెంట్రిక్ రకాలకు అది లేదు.