కొండమీది రైతుకు నగరం డబ్బెందుకు కట్టింది?

భూమ్మీద నీళ్లలో మంచినీళ్లు దాదాపు 2.5 శాతం. అందులోనూ మూడింట రెండొంతులకు పైగా మంచుగా గడ్డకట్టే ఉంటుంది. మిగిలిన కాస్త కోసమే ఊళ్లు, పొలాలు, ఫ్యాక్టరీలు పోటీ పడుతున్నాయి. ఎగువ కొండల్లో అడవి నరికితే మట్టి కొట్టుకొచ్చి కిందున్న జలాశయాలు పూడిపోతాయి, నీళ్లు బురదవుతాయి. అడవిని కాపాడే భారమంతా అక్కడ బతికేవాళ్లదేనా, ఆ నీళ్లు తాగేవాళ్లకు వాటా ఉండదా? ఈ ప్రశ్నకు చాలాకాలం బలవంతమే జవాబుగా నడిచింది.

న్యూయార్క్ నగరం సంగతే తీసుకోండి. నగరానికి నీళ్లకోసం 1907లో ఎగువనున్న క్యాట్‌స్కిల్ కొండల్లో అషోకాన్ రిజర్వాయర్ పని మొదలైంది. దానికోసం ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. శ్మశానాల్లోని సమాధులు కూడా తవ్వి వేరేచోటికి తరలించారు. తాతల ఎముకలు తవ్వి తీయడం చూసిన కుటుంబాలు నగరాన్ని అంత తేలిగ్గా నమ్ముతాయా? ఆ కోపం తరాలపాటు అక్కడ అలాగే ఉండిపోయింది.

1989లో అమెరికా ప్రభుత్వం కొత్త రూల్ తెచ్చింది. నదులు, జలాశయాల నీళ్లు వాడే నగరాలు ఫిల్టర్ ప్లాంట్లు కట్టాలి, లేదంటే పరీవాహక ప్రాంతాన్ని గట్టిగా కాపాడుతున్నామని చూపించాలి. న్యూయార్క్‌కు ప్లాంట్ ఖర్చు 600 కోట్ల డాలర్లకు పైనే అని అంచనా వేశారు. నగరం మొదట పాత దారిలోనే వెళ్లి, కొండల్లో సేద్యం మీద ఆంక్షలు పెట్టబోయింది. రైతులు ఎదురుతిరిగారు. చివరికి కూర్చుని మాట్లాడుకున్నారు. ఏ పొలంలో ఏం చేయాలో రైతుల కౌన్సిలే చూస్తుంది, ఖర్చు నగరం భరిస్తుంది, చేరడం ఎవరిష్టం వారిది. అయితే ఐదేళ్లలో 85 శాతం మంది చేరాలన్నది షరతు. అంతకన్నా ఎక్కువమందే చేరారు. వాగు పక్కన కంచె, పేడ నిల్వకు గుంత, ఇలాంటి చిన్న పనులే నీళ్లను కాపాడాయి. 1997లో ఊళ్లన్నిటితో పెద్ద ఒప్పందం కుదిరింది. నా దృష్టిలో ఇక్కడ డబ్బు కన్నా పెద్ద మార్పు, నిర్ణయం రైతు చేతికి రావడమే.

దేశం మొత్తానికి ఇలాంటి పథకం తెచ్చింది కోస్టారికా. 1996 అటవీ చట్టంతో, ఇంధన పన్నులో కొంత తీసి అడవి ఉంచుకున్న భూయజమానులకు ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడ అడవి మళ్లీ పెరిగిన మాట నిజం. కానీ ఆ ఘనతంతా చెల్లింపులదే అనలేం. అడవి నరికి భూమిని వేరే పనికి మార్చడాన్ని అదే చట్టం నిషేధించింది, పశువుల పెంపకంలో లాభం కూడా అప్పటికే తగ్గింది. పైగా తొలినాళ్లలో పట్టా లేని పేదలకు ఈ డబ్బు అందలేదు. ఇది చిన్న లోపం కాదు.

బొలీవియాలోని లోస్ నెగ్రోస్ లోయలో 2003లో మరో పద్ధతి మొదలైంది. పది హెక్టార్ల అడవిని ఏడాదిపాటు కాపాడితే ఒక తేనెపెట్టె ఇచ్చేవారు, తేనెటీగల పెంపకం కూడా నేర్పేవారు. నగదైతే ఇట్టే ఖర్చైపోతుంది, పెట్టె ఉంటే ఏటా తేనె వస్తుందని రైతులే ఇలా కోరుకున్నారు. డబ్బు పుచ్చుకుంటే రేపు భూమి లాక్కుంటారేమోనన్న భయమూ వాళ్లలో ఉంది. దిగువన ఆ నీళ్లతో పంటలు పండించేవాళ్లు మాత్రం మొదట్లో చెయ్యి విదల్చలేదు. తొలి తేనెపెట్టెల ఖర్చు చాలావరకు బయటి దాతలే పెట్టుకున్నారు.